పాత కార్వెట్ కొనేముందు: 1963దా, 1967దా?

మిర్యాలగూడలో నాది డెంటింగ్, పెయింటింగ్ షెడ్డు. బస్సుల ఫైబర్ బంపర్ల పని మా దగ్గరే ఎక్కువ. డాలస్‌లో ఉన్న మా మేనల్లుడు పాత షెవర్లే కార్వెట్ అనే అమెరికా స్పోర్ట్స్ కారు కొంటానని ఫోన్‌లో 1963ది ఒకటి, 1967ది ఒకటి, రెండు బండ్లు చూపించి "మామా, ఏది తీసుకోను?" అన్నాడు. వాడికి చెప్పిందే ఇక్కడ రాస్తున్నా.

రెండూ స్టింగ్ రే అనే మోడలే, ఒకే తరం. ముందు వెనక అద్దం చూడాలి. 1963 కూపేకి (పైకప్పు తెరుచుకోని రెండు డోర్ల బండికి) అద్దం మధ్యలో నిలువు పట్టీ ఉంటుంది. వెనక వచ్చే బండ్లు సరిగ్గా కనబడటం లేదని గోల రావడంతో 1964లో తీసేశారు. అంత అందమైన వెనక భాగం మళ్లీ ఏ కారుకీ చూడలేదు నేను. రేటూ అందుకే ఎక్కువ. రేటున్న చోట మోసమూ ఉంటుంది, 1964 బండికి పట్టీ అతికించి 1963 అనేస్తారు. గ్లోవ్ బాక్సు కింద ఛాసిస్ నంబర్ ప్లేటు చదవండి. 1963 కూపే అయితే 30837తో మొదలవ్వాలి, 40837 అని ఉంటే అది 1964ది. 1967 కూపేకి 194377. ఆ బండికి ముందు చక్రాల వెనకాల గాలి పోయే చీలికలు ఐదేసి ఉంటాయి, హ్యాండ్ బ్రేకు సీట్ల మధ్య ఉంటుంది.

బాడీ మొత్తం ఫైబర్. పుట్టీ ఎక్కడ పూశారో తెలుసుకోవడానికి మనం వాడే అయస్కాంతం ఇక్కడ పనికిరాదు. వేలి కణుపుతో తడుతూ పోవాలి. టకటకమనే చప్పుడు ఒకచోట మొద్దుబారితే అక్కడ పాత దెబ్బ ఉన్నట్టే, లోపలివైపు నుంచి చూడండి. ఫైబర్ పగిలితే ఫైబర్ మ్యాట్, రెజిన్ అనే జిగురు వేసి నిలబెట్టవచ్చు. అసలు భయం లోపలి ఇనుముతోనే. ముందు అద్దం, డోర్ల చుట్టూ ఫైబర్ కింద ఉక్కు చట్రం ఉంటుంది, అక్కడివాళ్లు బర్డ్ కేజ్ అంటారు. పైనుంచి కారిన నీళ్లన్నీ అందులోకే దిగుతాయి. కాళ్ల పక్కనున్న ప్యానెల్ విప్పించి, టార్చి వేసి, స్క్రూడ్రైవర్‌తో పొడవండి. తుప్పు పొరలు పొరలుగా రాలితే బేరం అక్కడితో ఆపేయండి. పెయింట్ ఎంత మెరిసినా సరే.

దాచుకోవడానికైతే 1963. నడపడానికైతే 1967, నా ఓటు దానికే. 1963కి నాలుగూ డ్రమ్ బ్రేకులు. నాలుగు చక్రాలకూ డిస్కులు 1965లో వచ్చాయి. 1967లో 427 ఘనపు అంగుళాల, అంటే 7 లీటర్ల ఇంజన్ 435 హార్స్‌పవర్ దాకా దొరికేది. కానీ ముందు బరువు, వేడి ఎక్కువ. 1963లోనూ ఉన్న 327, అంటే 5.4 లీటర్లది, రోజూ తిరగడానికి చాలు.

ఆ డిస్కులకూ ఒక జబ్బుంది. బండి నెలల తరబడి కదలకపోతే డిస్కును పట్టి నొక్కే క్యాలిపర్ లోపల తుప్పు పట్టి బ్రేక్ ఆయిల్ కారుతుంది. చక్రం లోపలివైపు తడి ఉందేమో చేత్తో తడిమి చూడండి. స్టెయిన్‌లెస్ స్లీవులు (క్యాలిపర్ లోపల వేసే తుప్పు పట్టని గొట్టాలు) వేయించారా అని అడగండి. వేయించకపోతే నాలుగు క్యాలిపర్ల ఖర్చు రేటులో తగ్గించమనండి.