అందరికీ అందే ప్రభుత్వ వెబ్‌సైటు – మూడవ పాఠం: నోటీసును చదవగలిగేలా పెట్టడం

గత రెండు పాఠాలలో మౌసు ముట్టకుండా ట్యాబ్ కీతోనే వెబ్‌సైటంతా తిరగడం, చిత్రాలకు వివరణ రాయడం నేర్చుకున్నాము. ఈసారి తీసుకుంటున్న పని వాటికంటే ముఖ్యమైనదని నా నమ్మకం. మండల కార్యాలయమైనా, మునిసిపాలిటీ అయినా, ప్రభుత్వాసుపత్రి అయినా, దాని వెబ్‌సైటును జనం తెరిచేది ఎక్కువగా ఏదో ఒక నోటీసు కోసమే. ఆ నోటీసు స్కాన్ బొమ్మగా ఉన్నంతకాలం, మెనూలు, బటన్లు ఎంత చక్కగా దిద్దినా, చూపు లేని పాఠకుడికి అది గోడకు అంటించిన కాగితంతో సమానం.

ఉదాహరణకు సదరం శిబిరాల నోటీసును తీసుకుందాము. వైకల్య ధ్రువీకరణ కోసం ఏ ఆసుపత్రిలో, ఏ రోజున, ఏ వైకల్యానికి పరీక్ష జరుగుతుందో తెలిపే కాగితమది. సెక్షన్‌లో దానిని కంప్యూటరులో టైపు చేసి, ప్రింటు తీసి, అధికారి సంతకమూ ముద్రా పడిన తరువాత స్కాన్ చేసి పీడీఎఫ్‌గా ఎక్కించడం చాలా కార్యాలయాలలో అలవాటు. అక్షరాలుగా పుట్టిన సమాచారం ఆ స్కానర్ దగ్గర బొమ్మగా మారిపోతుంది. తెరమీది అక్షరాలను గొంతుతో చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌కు ఆ పేజీలో చదవడానికి ఏమీ దొరకదు. అంటే ఎవరి కోసం ఆ నోటీసు వేశారో వారికే అది చేరదు.

నష్టం అంధులకు మాత్రమే అనుకోకూడదు. కనిగిరి ప్రాంతంలో ఫ్లోరోసిస్ వల్ల కీళ్లు బిగుసుకుపోయినవారు ఎందరో ఉన్నారు. స్కాన్ చేసిన పేజీని ఫోనులో చదవాలంటే రెండు వేళ్లతో పెద్దది చేసి, ప్రతి వరుసకూ పక్కకు జరుపుతూ, మళ్లీ వెనక్కి లాక్కోవాలి. వేళ్లు వంగనివారికి అది సాధ్యమయ్యే పని కాదు. అదే సమాచారం వెబ్ పేజీలో మామూలు పాఠ్యంగా ఉంటే, అక్షరం ఎంత పెద్దది చేసినా వాక్యం తెర వెడల్పుకు తగ్గట్టు తానే సర్దుకుంటుంది.

ముందుగా మీ కార్యాలయం వెబ్‌సైటులోని ఒక పీడీఎఫ్‌ను తెరిచి, కంట్రోల్, ఏ కీలు కలిపి నొక్కి మొత్తం ఎంపిక చేసి, కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో అతికించండి. ఏమీ రాకపోతే అది స్కాన్ బొమ్మ. తెలుగు తెలుగుగానే వస్తే సగం పని అయినట్టే. తెలుగుకు బదులు అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ వస్తే ఆ నోటీసును అను వంటి పాత ఫాంట్లలో టైపు చేశారని గ్రహించాలి. ఈ మూడవ రకం గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే కంటికి చక్కగా కనిపించడం వల్ల ఇందులో లోపముందని ఎవరికీ తోచదు. పాత ఫాంట్లలో కంప్యూటరు దాచుకునేవి ఇంగ్లీషు అక్షరాల సంకేతాలు. తెరమీద వాటికి తెలుగు రూపం తొడుగుతారు, అంతే. స్క్రీన్ రీడర్ రూపాన్ని చూడదు, సంకేతాన్ని చదువుతుంది, కాబట్టి వినేవారికి గోల తప్ప మాట వినిపించదు. యూనికోడ్‌లో ప్రతి తెలుగు అక్షరానికీ సొంత సంకేతం ఉంది. అందువల్ల యూనికోడ్‌లో టైపు చేసిన తెలుగును, కంప్యూటరుకు ఉచితంగా దొరికే ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ తనతో వచ్చే ఈస్పీక్ గొంతుతోనూ, ఆండ్రాయిడ్ ఫోనులోని టాక్‌బ్యాక్ అనే స్క్రీన్ రీడర్ గూగుల్ తెలుగు గొంతుతోనూ చదవగలవు. పాత ఫైళ్లను మార్చే కన్వర్టర్లు ఉన్నాయి గానీ, మార్చిన తరువాత ఒత్తులనూ, అంకెలనూ, తేదీలనూ మూలంతో పోల్చి చూడకుండా ప్రచురించవద్దు. మూల ఫైలు దొరకని స్కాన్‌ను గూగుల్ డాక్స్‌తో తెరిచి అక్షరాలుగా మార్చుకున్నప్పుడూ ఇదే జాగ్రత్త అవసరం. శిబిరం తేదీలో ఒక్క అంకె తప్పితే ఉదయగిరి నుంచి నెల్లూరు దాకా బస్సులో వచ్చిన మనిషి వట్టి చేతులతో తిరిగి వెళ్లవలసి వస్తుంది.

ఇక కొత్త నోటీసుల సంగతి. దిద్దుబాటు మొదలుకావలసింది వెబ్‌సైటులో కాదు, టైపు చేసే వర్డ్ ఫైలులోనే. శీర్షికను అక్షరం లావు చేసి వదిలేయకుండా హెడింగ్ స్టైల్ ఇవ్వండి. స్క్రీన్ రీడర్ వాడేవారు శీర్షిక నుంచి శీర్షికకు దూకుతూ తమకు కావలసిన చోటికి చేరతారు. రివ్యూ మెనూలో ఉన్న చెక్ యాక్సెసిబిలిటీని ఒకసారి నడపండి. పీడీఎఫ్ చేసేటప్పుడు ప్రింట్ టు పీడీఎఫ్ కాకుండా సేవ్ యాజ్ ద్వారా చేయండి; మొదటి దారిలో శీర్షికల, పట్టికల అమరిక పోతుంది, రెండవ దారిలో నిలుస్తుంది.

పట్టిక దగ్గర మరింత శ్రద్ధ కావాలి. శిబిరాల పట్టికలో ఆసుపత్రి, వారం, వైకల్య రకం, సమయం అనే నాలుగు నిలువు వరుసలు ఉన్నాయనుకోండి. కావలి ఆసుపత్రిలో మూడు రోజులు శిబిరం ఉంటే, ఆ పేరును ఒక్కసారే రాసి మూడు గళ్లను కలిపేయడం మనకు అలవాటు. కంటితో చూసేవారికి అది ముచ్చటగానే ఉంటుంది గానీ, చెవితో చదివేవారికి రెండవ, మూడవ వరుసలు ఏ ఆసుపత్రివో తెలియకపోవచ్చు. గళ్లను కలపకుండా ప్రతి వరుసలోనూ ఆసుపత్రి పేరు రాయండి. వర్డ్‌లో పై వరుసను హెడర్ రోగా గుర్తించండి. వెబ్ పేజీలో అయితే శీర్షిక గళ్లకు టీడీ బదులు టీహెచ్ ట్యాగు వాడండి. అప్పుడు బుధవారం అన్న గడికి చేరగానే స్క్రీన్ రీడర్ ముందు వారం అని కూడా పలుకుతుంది. రద్దయిన శిబిరాన్ని ఎర్ర రంగుతో మాత్రమే చూపించవద్దు, ఆ గడిలో రద్దు అని రాయండి. అక్షరానికీ వెనుక రంగుకూ మధ్య వ్యత్యాసం కనీసం 4.5కు 1 నిష్పత్తిలో ఉండాలి.

సంతకమూ ముద్రా లేకుండా ఎలా పెడతామని అధికారులు అడగడం సహజం. సంతకమైన స్కాన్‌ను తీసివేయనవసరం లేదు. నోటీసు పాఠ్యమంతా వెబ్ పేజీలో అక్షరాలుగా పెట్టి, దాని కింద స్కాన్ ప్రతికి లింకు ఇస్తే చాలు. ఆ లింకుకు ఇక్కడ నొక్కండి అని కాకుండా, సదరం శిబిరాల నోటీసు, సంతకం చేసిన ప్రతి, పీడీఎఫ్ అని పేరు పెట్టండి. కంప్యూటరులోనే డిజిటల్ సంతకం చేస్తే అక్షరాలు అక్షరాలుగానే ఉంటాయి కనుక అది ఇంకా మేలు. ఆధారం చూపవలసి వస్తే, 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలో 42వ సెక్షన్‌నూ, వెబ్‌సైట్లు అందరికీ అందేలా ఉండడానికి ఏర్పడిన అంతర్జాతీయ మార్గదర్శకాలైన డబ్ల్యుసీఏజీ 2.1లోని డబుల్ ఏ స్థాయిని ప్రమాణంగా తీసుకున్న 2023 నాటి ప్రభుత్వ వెబ్‌సైట్ల మార్గదర్శకాలనూ, డిజిటల్ సేవలు అందుకోవడం రాజ్యాంగంలోని 21వ అధికరణ కిందికి వచ్చే హక్కని 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పునూ ఫైలులో పెట్టండి.

చిన్నదే అయినా మరువకూడని పని ఒకటి మిగిలింది. పేజీ భాష తెలుగు అని హెచ్‌టీఎంఎల్ ట్యాగులో లాంగ్ అనే చోట రాయాలి. అది ఇంగ్లీషు అని ఉండిపోతే స్క్రీన్ రీడర్ తెలుగు వాక్యాన్ని ఇంగ్లీషు గొంతుతో చదవబోయి తడబడవచ్చు.

అభ్యాసం: మీ కార్యాలయం ఈ మధ్య వేసిన నోటీసులలో పట్టిక ఉన్న దానిని ఒకదానిని ఎంచుకుని, పైన చెప్పిన విధంగా వెబ్ పేజీగా మార్చండి. తరువాత ఎన్‌వీడీఏ తెరిచి, తెర ఆపివేసి, మీ మండలానికి దగ్గరి శిబిరం ఏ రోజున ఉందో విని కనిపెట్టండి. వీలైతే స్క్రీన్ రీడర్ రోజూ వాడే వ్యక్తి చేత కూడా చదివించి, ఆయనకు ఎక్కడ ఆగవలసి వచ్చిందో రాసుకోండి. తరువాతి పాఠంలో దరఖాస్తు ఫారాలనూ, క్యాప్చానూ తీసుకుంటాము. ఆ పాఠానికి మీ వెబ్‌సైటులోని ఒక ఫారం సిద్ధంగా ఉంచుకోండి.