తుపాను వెళ్ళిపోయాక పది రోజులు: కరెంటు, నీళ్ళు, ఫోను లేని ఇంటిని నడపడం ఎలా?

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గర తీరం దాటింది. గాలి ఆ ఒక్క రోజే. అసలు కష్టం మర్నాటి నుంచి మొదలైంది. స్తంభాలు కూలి కరెంటు పోయింది. కరెంటు లేక మోటార్లు తిరగలేదు, అపార్ట్‌మెంట్లలో కుళాయిలు ఎండిపోయాయి. సెల్ టవర్లు మూగబోయాయి, ఏటీఎంలు తెరుచుకోలేదు. పాల ప్యాకెట్లకు, పెట్రోలుకు వరసలు కట్టారు. అంత పెద్ద నగరం కొన్నాళ్ళపాటు దీపం బుడ్డి కాలానికి వెళ్ళిపోయింది.

"ప్రపంచం కుప్పకూలితే" అని బంకర్లు, తుపాకులు ఊహించుకోనక్కర్లేదు. మన తీరంలో కుప్పకూలడమంటే ఇదే: ఒక్క కరెంటు పోతుంది, దాని వెనకే నీళ్ళు, ఫోను, డబ్బు వరసగా పోతాయి. ఈ వరసను పట్టుకుని సిద్ధమైతే చాలు. అయిదుగురున్న ఇంటికి పది రోజుల లెక్క కింద ఇస్తున్నాం. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపాన్ల కాలం కాబట్టి సెప్టెంబరులోనే మొదలుపెట్టండి.

ముందుగా ఒక మాట. ఇది ఉప్పెన రాని చోట, పక్కా ఇంట్లో ఉన్నవాళ్ళకి. 1977 నవంబరు 19న దివిసీమలో వేలమంది ప్రాణాలు తీసింది గాలి కాదు, ఇళ్ళ మీదికి వచ్చిన సముద్రం. లోతట్టు తీరగ్రామంలో ఉండి, ఖాళీ చేయమని అధికారులు చెప్తే వెళ్ళిపోవడమే పని. అక్కడ ఇంట్లో ఎన్ని సరుకులున్నా లెక్కలోకి రావు. పాక, రేకుల ఇళ్ళవాళ్ళకీ అంతే. నెలలు నిండిన గర్భిణులు, డయాలసిస్ చేయించుకునేవాళ్ళు ఆస్పత్రికి దగ్గరలోకి తుపానుకు ముందే మారిపోవాలి. తర్వాత రోడ్డు ఉండదు.

నీళ్ళు: రెండు లెక్కలు వేరుగా పెట్టుకోండి

తాగడానికి, వంటకి మనిషికి రోజుకు 4 లీటర్లు. అయిదుగురికి పది రోజులకు 200 లీటర్లు, అంటే 20 లీటర్ల టిన్నులు పది. అన్నీ కొనక్కర్లేదు. మూత బిగుతుగా ఉండే, తిండి సరుకులు నిలవచేసిన డబ్బాలు, క్యాన్లు ఏవైనా కడిగి నింపుకోవచ్చు. యాసిడ్, ఫినాయిల్, పురుగుమందు వచ్చిన డబ్బాలు ఎంత కడిగినా పనికిరావు.

వాడుక నీళ్ళు మనిషికి 10 నుంచి 12 లీటర్లు. అంటే రోజుకు 60, పది రోజులకు 600. డాబా మీద 1000 లీటర్ల ట్యాంకు ఉంటే సరిపోయినట్టే అనిపిస్తుంది కానీ, ఫ్లష్ ఒక్కసారి నొక్కితే 6 నుంచి 10 లీటర్లు పోతాయి. అందుకే కరెంటు పోగానే డాబా మీద ట్యాంకు వాల్వు కట్టేసి, రోజుకు మూడు బకెట్లు మాత్రం దించుకోండి. పిల్లలకు చెప్పి చూడడం కన్నా వాల్వు కట్టేయడమే సులువు. ట్యాంకు నింపడంలో ఇంకో లాభం ఉంది: ఖాళీ ప్లాస్టిక్ ట్యాంకు గాలికి లేచి ఎక్కడో పడుతుంది, నిండుగా ఉంటే టన్ను బరువు, కదలదు. మూతను మాత్రం తాడుతో కట్టండి.

నేల సంపులోకి వరద నీళ్ళు గానీ మురుగు గానీ చేరితే ఆ నీళ్ళు తాగడానికి లేనట్టే.

బయటి నీళ్ళని తాగేలా చేయడం

ముందు తేర్చాలి. పటిక ముక్కను బిందెలో రెండు మూడు చుట్లు తిప్పండి, లేదా చిల్లగింజ అరగదీసి కలపండి. మడ్డి అడుగుకు దిగాక పైనీళ్ళు వంచుకుని, నాలుగు మడతల నూలు గుడ్డలో వడగట్టండి. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. నీళ్ళు తేటగా కనిపిస్తాయి గానీ పటిక క్రిములను చంపదు. తర్వాత కళపెళా మరగనివ్వండి. గట్టిగా తెర్లడం మొదలయ్యాక ఒక నిమిషం చాలు. పావుగంట మరిగించమనేవాళ్ళుంటారు, గ్యాసు దండగ.

గ్యాసు మిగల్చాలంటే క్లోరిన్ మాత్రలు. ఒక్కో కంపెనీ మాత్ర ఒక్కో కొలత నీళ్ళకి, పట్టీ మీద రాసినదే పాటించండి. వేసి కలిపి అరగంట ఆగాలి. మురికి నీళ్ళలో వేస్తే క్లోరిన్ అంతా మురికికే ఖర్చయిపోతుంది, అందుకే ముందు తేర్చమనడం.

వీధిలో నుయ్యి ఉంటే అదే అందరికీ దిక్కు. మోటారు, కరెంటు అక్కర్లేదు, చేంతాడు, బకెట్టు ఉంటే చాలు. ఆ నూతికి బ్లీచింగ్ వేసే పద్ధతి చాలా చోట్ల తప్పుగానే జరుగుతుంది, గుప్పెడు తీసి విసిరేస్తారు. ఇలా చేయండి:

1. నుయ్యి అడ్డంగా ఎన్ని మీటర్లో, నీళ్ళు లోతుగా ఎన్ని మీటర్లో కొలవండి. అడ్డం × అడ్డం × లోతు × 785 వేస్తే లీటర్లు వస్తాయి. మీటరున్నర అడ్డం, నాలుగు మీటర్ల నీళ్ళున్న నుయ్యిలో సుమారు 7,000 లీటర్లు.

2. మంచి బ్లీచింగ్ పౌడరు వెయ్యి లీటర్లకు 2.5 గ్రాములు. వరద తర్వాత నీళ్ళు కలకగా ఉంటాయి కాబట్టి రెట్టింపు, 5 గ్రాములు వేయండి. పై నూతికి 35 గ్రాములు. కిరాణా కొట్టు త్రాసు మీద తూచండి, అరచేతి అంచనా వద్దు.

3. ప్లాస్టిక్ బకెట్టులో పౌడరు వేసి, కొద్దికొద్దిగా నీళ్ళు పోస్తూ జారుడు ముద్దలా కలపండి. తర్వాత బకెట్టు ముప్పాతిక దాకా నీళ్ళు పోసి కలిపి, 10 నిమిషాలు కదపకుండా ఉంచండి. ముక్కుకు గుడ్డ కట్టుకోండి.

4. సున్నం అడుగున దిగుతుంది. పైనున్న తేట మాత్రమే ఇంకో బకెట్టులోకి వంచండి. సున్నం నూతిలో పడితే నీళ్ళు చవుడెక్కుతాయి, దాన్ని దూరంగా గోతిలో పారేయండి.

5. తేట ఉన్న బకెట్టును చేంతాడుతో నీళ్ళ లోపలికంటా దించి, పైకీ కిందికీ, పక్కలకీ బాగా ఆడించండి. పైన పోసి వదిలేస్తే పైనీళ్ళకే పనిచేస్తుంది.

6. గంట ఆగి వాసన చూడండి. లీలగా క్లోరిన్ వాసన రావాలి. అసలు రాకపోతే చాల్లేదన్నట్టు, అందులో సగం మోతాదు మళ్ళీ వేసి ఇంకో గంట ఆగండి. పంచాయతీవాళ్ళ దగ్గర క్లోరోస్కోపు (నీళ్ళలో క్లోరిన్ ఎంతుందో చూపే పరికరం) ఉంటే లీటరుకు 0.5 మిల్లీగ్రాములు చూపించాలి.

రాత్రి పూట వేస్తే పొద్దున తోడుకోవడానికి నుయ్యి సిద్ధంగా ఉంటుంది. బ్లీచింగ్ ప్యాకెట్టు తెరిచి పెట్టేస్తే కొద్దివారాల్లోనే సత్తువ పోతుంది. పెద్ద సంచి కన్నా చిన్న ప్యాకెట్లు కొని, గాలి చొరని డబ్బాలో, చీకట్లో ఉంచండి.

మరుగుదొడ్డి

ఎవరూ మాట్లాడరు గానీ మూడో రోజుకి ఇదే పెద్ద సమస్య. సెప్టిక్ ట్యాంకు మునిగితే పోసిన నీళ్ళు వెనక్కి తంతాయి. అప్పుడు బేసిన్ నోట్లో ఇసుక నింపిన సంచి అడ్డం పెట్టి, మూత ఉన్న బకెట్టులో దళసరి కవరు వేసి వాడండి. వాడిన ప్రతిసారీ గుప్పెడు బూడిద గానీ ఊక గానీ చల్లితే వాసన, ఈగలు రెండూ తగ్గుతాయి. నూతికి కనీసం 30 మీటర్ల దూరంలో, నీళ్ళు నిలవని మెరక చోట గొయ్యి తీసి పూడ్చండి. పక్కన సబ్బు ఉండాల్సిందే.

తిండి, పొయ్యి

మొదటి రెండు రోజులు వంట జరగదనే అనుకోండి. అటుకులు 3 కిలోలు, పుట్నాలు కిలోన్నర, బెల్లం 2 కిలోలు, వేరుశనగలు, జంతికలు, ఇంట్లో ఎలాగూ ఉండే ఆవకాయ. తర్వాతి రోజులకు బియ్యం 20 కిలోలు, కందిపప్పు, పెసరపప్పు కలిపి 4 కిలోలు, నూనె రెండు లీటర్లు, ఉప్పు, చింతపండు, పాలపొడి. పెసరపప్పు ఎక్కువ ఉండేలా చూసుకోండి, తొందరగా ఉడుకుతుంది.

ఇండక్షన్ పొయ్యి, మిక్సీ ఉన్నా లేనట్టే. కాబట్టి కారం, సాంబారు పొడి, పప్పుల పొడి ముందే ఆడించి ఉంచుకోండి. నిండు సిలిండరు ఒకటి అదనంగా పెట్టుకోండి. గ్యాసు మిగలాలంటే బియ్యం, పప్పు అరగంట నానబెట్టండి. అన్నం అయిదు నిమిషాలు ఉడికాక మూతపెట్టి దించి, గంపలో పాత దుప్పట్లు చుట్టి గంటసేపు వదిలేస్తే దానంతటదే మగ్గుతుంది.

నీళ్ళు వచ్చే ఇల్లయితే సిలిండరును గోడకు కట్టేయండి. నిండు సిలిండరు కూడా నీళ్ళలో తేలుతుంది, తేలుతూ రెగ్యులేటరును పీక్కుంటుంది. బొగ్గుల కుంపటి తలుపులు మూసిన గదిలో వద్దు. దాని విషవాయువుకు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం పోతుంది. జనరేటరుదీ అదే సంగతి, బాల్కనీలో కూడా పెట్టకూడదు.

ఫ్రీజరులో ఖాళీ ఉన్నచోటల్లా నీళ్ళ సీసాలు పెట్టి గడ్డకట్టించండి. తలుపు తీయకుంటే ఫ్రిజ్ కింది భాగం నాలుగు గంటలు, నిండుగా ఉన్న డీప్ ఫ్రీజరు రెండు రోజులు ఆగుతుంది. ఐసు కరిగితే తాగే నీళ్ళే కదా.

కరెంటు: ఇన్వర్టర్ ఉందనే ధీమా

12 వోల్టుల 150 ఏహెచ్ బ్యాటరీలో కాగితం మీద 1,800 వాట్ అవర్లు (వాట్లను గంటలతో గుణిస్తే వచ్చేది). పాత బ్యాటరీ, మార్పిడిలో పోయేది తీసేస్తే 900 అనుకోండి. 75 వాట్ల ఫ్యాను ఒకటి, బల్బులు రెండు వేస్తే పది గంటల్లో ఖాళీ. ఆ తర్వాత ఛార్జి పెట్టడానికి కరెంటు ఉండదు.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. ఏ స్విచ్చీ వేయకపోయినా ఇన్వర్టర్ తనకోసం 10, 15 వాట్లు తింటూనే ఉంటుంది. రోజంతా ఆన్‌లో ఉంచితే అదే 300 వాట్ అవర్ల దాకా. అందుకే సాయంత్రం అయిదు గంటలే ఆన్ చేసి, ఒక 9 వాట్ల బల్బు, ఫోన్ల ఛార్జింగ్‌తో సరిపెట్టుకుంటే రోజుకు 200 లోపు ఖర్చవుతుంది, నాలుగైదు రోజులు నడుస్తుంది. ఫ్యానుకు బదులు దోమతెర, విసనకర్ర.

మేడ మీద సోలార్ ఉన్నవాళ్ళు ముందే కనుక్కోవాలి. అది ఆన్‌గ్రిడ్ (లైను కరెంటుతో కలిపి నడిచేది) అయితే లైను కరెంటు పోగానే ఎంత ఎండున్నా ఆగిపోతుంది. లైను మీద పనిచేసే వాళ్ళకి షాకు కొట్టకుండా అలా తయారుచేశారు. బ్యాటరీతో పనిచేసే హైబ్రిడ్ ఇన్వర్టర్ ఉంటేనే లాభం. జనరేటరును సాకెట్టులో గుచ్చి ఇంటికి కరెంటు ఇవ్వడం కూడా ఇలాంటి కారణం వల్లే నేరం లాంటిది. లైనును విడదీసి జనరేటరుకు మార్చే చేంజోవర్ స్విచ్ ఉండాలి, లేదా వస్తువునే నేరుగా జనరేటరుకు తగిలించాలి.

ఫోను, డబ్బు, మందులు

20,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకు మామూలు ఫోనును రెండుమూడుసార్లు నింపుతుంది. టవరు దొరక్క వెతుక్కునే ఫోను బ్యాటరీని తాగేస్తుంది, ఫ్లైట్ మోడ్‌లో పెట్టి పూటకోసారి చూడండి. కాల్ వెళ్ళకపోయినా ఎస్సెమ్మెస్ వెళ్ళే అవకాశం ఉంటుంది. సెల్లులతో నడిచే రేడియో ఒకటి ఉంచుకోండి, సెల్లులు అందులో వేసి కాదు, విడిగా. లోపలే ఉంటే కారి రేడియో పాడవుతుంది. 112, 108, రాష్ట్ర కంట్రోల్ రూము 1070, జిల్లాది 1077 కాగితం మీద రాసి తలుపుకు అంటించండి.

ఫోన్‌పే పనిచేయని రోజున 500 నోటుకు చిల్లర దొరకదు. అయిదారు వేలు, అన్నీ 100, 50, 20, 10 నోట్లుగా ఉంచండి. బళ్ళలో పెట్రోలు ముందురోజే నింపించండి, ఇంట్లో క్యాన్లలో పెట్టకండి.

బీపీ, షుగరు మందులు నెలకు సరిపడా. వాడుతున్న ఇన్సులిన్ చాలా రకాల్లో నాలుగు వారాల వరకు గది వేడికి ఆగుతుంది. మీది ఎన్నాళ్ళో దాని కాగితంలో చూడండి. పెద్ద కుండలో తడి ఇసుక పోసి, మధ్యలో చిన్న కుండ పెట్టి, అందులో డబ్బాలో ఉంచితే చల్లగా ఉంటుంది. తుపాను తర్వాత గాలిలో తేమ ఎక్కువ కాబట్టి ఎండాకాలమంత చల్లదనం మాత్రం ఆశించకండి. విరేచనాలకు ఓఆర్ఎస్ ప్యాకెట్లు పది. అవి అయిపోతే లీటరు కాచిన నీళ్ళలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు. చెంచా టీ చెంచా, తలకొట్టి కొలవాలి. ఉప్పు ఎక్కువైతే పిల్లలకు ప్రమాదం.

గాలి ఆగాక బయటికి

హోరు ఒక్కసారిగా ఆగి ఎండ కూడా కాస్తే నమ్మకండి. తుపాను కన్ను మీ మీదుగా వెళ్తోందేమో. కాసేపటికి గాలి ఎదురు దిక్కు నుంచి మళ్ళీ అంతే జోరుగా వస్తుంది. గాలి ఆగిపోయిందని వాన, మేఘం చూసి కాదు, రేడియో చెప్పాకే కదలండి.

తెగిన తీగ ప్రతిదీ కరెంటున్నట్టే లెక్క, పది మీటర్ల దూరం పాటించండి. స్విచ్‌బోర్డు మునిగితే ఎలక్ట్రీషియన్ చూసేదాకా మెయిన్ వేయకండి. పడిన చెట్టు కొమ్మలు విల్లులా బిగిసి ఉంటాయి. తెగినప్పుడు అవి ఎగిరే దారిలో నిలబడి నరికితే మొహం మీద కొడతాయి. గోడవార సామాన్లు కర్రతో కదిపి చూశాకే చెయ్యి పెట్టండి, మెరక కోసం పాములు ఇళ్ళలోకే వస్తాయి. కరిస్తే కట్టు బిగించడం, కోయడం, పసర్లు వద్దు. కరిచిన చెయ్యో కాలో కదలకుండా బద్ద కట్టి, విషానికి విరుగుడు ఇంజెక్షన్ ఉన్న ఆస్పత్రికి తీసుకెళ్ళండి. కట్లపాము కాటు నొప్పి కూడా తెలియదు, అందుకే రాత్రిళ్ళు నేల మీద దోమతెర లేకుండా పడుకోకండి. తెర అంచులు పరుపు కిందికి దోపాలి.

ఒక ఆదివారం సాధన

సెప్టెంబరులో ఒక ఆదివారం పొద్దున ఆరింటికి మెయిన్ ఆపేసి, ట్యాంకు వాల్వు కట్టేసి, ఫోన్లు ఫ్లైట్ మోడ్‌లో పెట్టి మర్నాడు ఆరు దాకా ఇల్లు నడపండి. ఏ నీళ్ళు ఎన్ని బకెట్లు అయ్యాయో గోడ మీద సుద్దతో గీతలు పెట్టండి. లిఫ్టు లేకుండా నాలుగో అంతస్తుకు బిందె మోయడం ఎవరి వల్ల అవుతుందో, వాల్వు ఎన్నేళ్ళుగా తిప్పక బిగుసుకుపోయిందో, టార్చి ఎక్కడుందో, రెండో సిలిండరు నిండుదో ఖాళీదో ఆ రోజే బయటపడుతుంది. సోమవారం పొద్దున ఆ లోట్లన్నీ చీటీ మీద రాసి పట్టుకుని బజారుకు వెళ్ళండి.