రేడియేటర్ మూత: ఎలా చూసుకోవాలి, ఎలా మార్చాలి?

మా కారులో కూలెంట్ (ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం) తగ్గుతూ ఉండేది. ఎక్కడా చుక్క కారిన జాడ లేదు, వారానికోసారి మాత్రం రేడియేటర్ పక్కనున్న డబ్బాలో పోసుకోవాల్సి వచ్చేది. ఒకచోట చూపిస్తే రేడియేటర్ మార్చాలన్నారు. మనసొప్పక గాజువాక ఆటోనగర్‌లో తెలిసిన పెద్ద మేస్త్రి దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన బోనెట్ ఎత్తి, ఇంజిన్ చల్లారేదాకా నన్ను టీకి పంపించి, తర్వాత రేడియేటర్ మూత తీసి తిరగేశాడు. కింది రబ్బరు వాషర్ మీద గోరుతో గీస్తే ఎండిన చింతగింజ పొట్టులా పెళుసుగా లేచొచ్చింది. "రేడియేటర్‌కేటీ అవలేదు బాబూ, దాని టోపీయే పోయింది" అన్నాడు.

టోపీ అన్నా, మూత అన్నా, క్యాప్ అన్నా అది ఉత్త మూత కాదు, వాల్వ్. ఇంట్లో కుక్కర్ మీద వెయిట్ ఏం చేస్తుందో ఇదీ అదే చేస్తుంది. లోపల ఒత్తిడి పెరిగితే నీళ్లు 100 డిగ్రీల దగ్గర మరగవు. మూత మీద 0.9 అని ఉంటే, బయటి గాలి ఒత్తిడికి పైన ఇంకో 0.9 బార్ (బార్ అంటే ఒత్తిడి కొలత) దాకా లోపల ఆపుతుందని అర్థం. ఆ ఒత్తిడిలో ఉత్త నీళ్లు కూడా సుమారు 118 డిగ్రీల దాకా మరగవు. కూలెంట్ కలిస్తే ఇంకాస్త పైకి. అంతకు మించితే స్ప్రింగ్ లేచి, ఎక్కువైన కూలెంట్ పక్కనున్న డబ్బాలోకి పోతుంది. ఇంజిన్ చల్లారాక మూత మధ్యలో ఉండే చిన్న వాల్వ్ తెరుచుకుని, పోయిన కూలెంట్‌ని వెనక్కి పీల్చుకుంటుంది. ఈ రెండు పనుల్లో ఏది చెడినా బండి హీటెక్కడానికి దారి దొరికినట్టే.

పాడైందని ఎలా తెలుస్తుంది?

పొద్దున్నే బండి స్టార్ట్ చేయక ముందు రేడియేటర్ పై హోస్ (పైనుండే రబ్బరు గొట్టం) చూడండి. పీల్చేసిన తాటిముంజెలా అణిగిపోయి ఉంటే చిన్న వాల్వ్ బిగుసుకుపోయిందని అనుమానించాలి. మూత అంచు చుట్టూ తెల్లగానో పచ్చగానో పొడి కట్టి ఉంటే కూలెంట్ అక్కడి నుంచే ఆవిరైపోతోందన్నమాట. డబ్బా నిండి పొర్లుతూ, రేడియేటర్‌లో మాత్రం మట్టం తగ్గుతుంటే అదీ మూత పనే కావచ్చు.

విశాఖలో ఇంకో సంగతి ఉంది. ఊళ్లో మద్దిలపాలెం నుంచి ఎన్‌ఏడీ దాకా రోజూ తిరిగినా బయటపడని లోపం అరకు వెళ్లే ఘాట్‌లో పట్టుబడుతుంది. ఎస్.కోట దాటి అనంతగిరి వైపు ఎక్కుతున్నప్పుడు బండి రెండో గేరులో మూలుగుతూ పోతుంది, నిండా మనుషులు, ఏసీ ఆన్‌లో. వేగం లేదు కాబట్టి రేడియేటర్‌కి గాలీ తక్కువే. పైగా ప్రతి 300 మీటర్ల ఎత్తుకీ నీళ్లు మరిగే వేడి దాదాపు ఒక డిగ్రీ తగ్గుతుంది. మూత గట్టిగా ఉంటే ఇవేవీ లెక్కలోకి రావు. మూత గాలి వదిలేస్తుంటే మాత్రం అన్నీ కలిసి మీద పడతాయి.

అలా ఘాట్‌లో టెంపరేచర్ మీటర్ సూది ఎర్ర గీత వైపు పోతే బండి పక్కకి ఆపి, ఏసీ కట్టేసి, వీలైతే హీటర్ ఫుల్‌గా పెట్టండి. సూది దిగకపోయినా, ఆవిరి కనిపించినా ఇంజిన్ ఆపేయండి. మూత జోలికి పోవద్దు. తువ్వాలు చుట్టి తిప్పేస్తే చాలనుకునే వాళ్లుంటారు. మూత వదులు కాగానే ఒత్తిడి పడిపోయి, అప్పటిదాకా మరగకుండా ఉన్న 110 డిగ్రీల నీళ్లు ఒక్కసారిగా ఆవిరై ముఖం మీదికి ఎగజిమ్ముతాయి. తువ్వాలు దాన్ని ఆపలేదు. మరిగే ఇంజిన్ మీద చల్లనీళ్లు కుమ్మరించడం ఇంకో పొరపాటు. వేడి లోహం ఒక్కసారి చల్లబడితే పగుళ్లివ్వచ్చు.

తీసి చూడటం

రాత్రంతా ఆగిన బండి అయితే మంచిది. బండికి పెట్టిన తాళంచెవి తీసేయండి, కొన్ని బళ్లలో ఇంజిన్ ఆగాక కూడా ఫ్యాన్ తిరుగుతుంది. పై హోస్‌ని పట్టుకుని చూడండి. చల్లగా, నొక్కితే మెత్తగా ఉండాలి.

ముందు మీ బండికి మూత ఎక్కడుందో చూసుకోవాలి. చాలా కొత్త కార్లలో రేడియేటర్ మీద మూతే ఉండదు. తెల్ల ప్లాస్టిక్ ట్యాంకుకి మరమేకులా తిప్పే మూత ఉండి, దాని మీద ఒత్తిడి అంకె రాసి ఉంటే ఈ పనంతా చేసేది ఆ మూతే.

రేడియేటర్ మీదే ఉంటే దాని మీద మందపాటి గుడ్డ వేసి, ఎడమ వైపుకు మొదటి గాడి దాకా మాత్రమే తిప్పండి. బుస్సుమని శబ్దం వస్తే చేయి తీసి ఆగండి. శబ్దం లేకపోతే కిందికి నొక్కి మళ్లీ తిప్పితే వచ్చేస్తుంది.

తిరగేసి రబ్బరు వాషర్ని గోరుతో నొక్కండి. మెత్తగా లోపలికి పోయి మళ్లీ పైకి రావాలి. పగుళ్లున్నా, రేడియేటర్ మూతి అచ్చు లోతుగా దిగిపోయినా మార్చేయడమే. మధ్యలోని చిన్న బిళ్లని గోరుతో లాగి వదలండి. టక్కున వెనక్కి పోవాలి. స్ప్రింగ్‌ని బొటనవేలితో నొక్కి "గట్టిగానే ఉంది" అనేస్తారు చాలామంది. అది 0.9 దగ్గర లేస్తుందో 0.5 దగ్గరే లేస్తుందో బొటనవేలికి ఎలా తెలుస్తుంది? చేతిపంపు, మీటరు ఉన్న ప్రెషర్ టెస్టర్ కొన్ని షెడ్లలో ఉంటుంది, అదైతే రెండు నిమిషాల్లో తేల్చేస్తుంది.

రేడియేటర్ మూతి లోపలి అంచుని మెత్తటి గుడ్డతో తుడవండి. గరుకు కాగితం పెట్టి రుద్దితే గీతలు పడి కొత్త మూత కూడా పట్టదు. బోరు నీళ్లు పోసే అలవాటుంటే అక్కడ తెల్ల పొర పేరుకుంటుంది. ఆ నీళ్లు మానేసి, కూలెంట్‌లో డిస్టిల్డ్ వాటర్ కలపండి. సముద్రపు గాలి తగిలే చోట ఆరుబయట పెట్టే బండి అయితే మూత పైరేకుకి తుప్పు కూడా చూసుకోవాలి.

లోపలి కూలెంట్ పాలు కలిపిన కాఫీలా ఉన్నా, పైన నూనె తేలుతున్నా మూత మార్చి ప్రయోజనం లేదు. అది చాలావరకు హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ పై భాగానికీ కింది భాగానికీ మధ్య ఉండే సీలు) వ్యవహారం, బండి నడపకుండా మెకానిక్‌ని పిలిపించండి.

కొత్తది కొనడం, బిగించడం

మామూలు కార్లకి కొన్ని వందల్లోనే వస్తుంది. పాత మూత చేతిలో పట్టుకుని కొట్టుకి వెళ్లండి, బండి మోడల్, సంవత్సరం చెప్పండి. 0.9 ఉన్న చోట 0.9 మాత్రమే వేయాలి. "1.1 వేసుకోండి సార్, ఇంకా స్ట్రాంగ్" అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. పెరిగిన ఒత్తిడిని మోయాల్సింది పాత హోసులూ రేడియేటరూ. కొన్ని బళ్ల మీద అంకె 88 అనో 108 అనో ఉంటుంది. అది కిలోపాస్కల్ లెక్క, ఇంచుమించు 0.9, 1.1 బార్లే. అంకె సరిపోతే అయిపోలేదు, లోతు కూడా కలవాలి. పైకి ఒకేలా కనిపించే రెండు మూతల్లో కింది వాషర్ ఒకదానిలో పొట్టిగా, ఇంకోదానిలో పొడుగ్గా ఉంటుంది. పక్కపక్కన పెట్టి చూస్తే తెలిసిపోతుంది.

బిగించే ముందు మట్టం తగ్గి ఉంటే మూతి దాకా కూలెంట్ పోయండి. వాషర్‌కి కాస్త కూలెంట్ తడి రాయండి, గ్రీజు వద్దు. నొక్కి, కుడికి చివరిదాకా తిప్పండి. మొదటి గాడి దగ్గరే ఆగిపోతే మూత పెట్టినట్టే ఉంటుంది, ఒత్తిడి మాత్రం ఆగదు. కింద ఒలికిన కూలెంట్‌ని గుడ్డతో అద్ది, నీళ్లతో కడగండి. చాలా కూలెంట్లలో ఉండే ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, విషం. వీధి కుక్క నాకితే చచ్చిపోవచ్చు.

డబ్బా మీద మట్టానికి స్కెచ్ పెన్నుతో గీత పెట్టి, రోజూ తిరిగే దారిలోనే ఓ వారం తిప్పండి. రోజూ పొద్దున బండి చల్లగా ఉన్నప్పుడు గీత చూడండి. అక్కడే ఉంటే అరకు బయల్దేరచ్చు. ఇంకా దిగుతుంటే లోపం మూతది కాదు. వాటర్ పంపు, హోస్ క్లిప్పులు చూపించి సిస్టమ్ మొత్తానికి ప్రెషర్ టెస్ట్ చేయించండి. పాత మూతని "అవసరానికి ఉంటుందిలే" అని డిక్కీలో వేసుకోవద్దు. మా బావ వేసుకున్నాడు, తర్వాతి సర్వీసులో కుర్రాడు దాన్నే తీసి బిగించేశాడు.