ఫోర్క్ జరిగినా డేటా చెడకుండా ఆర్‌డీఎంఏ లైబ్రరీ రాయడం

ఆర్‌డీఎంఏలో (రిమోట్ డైరెక్ట్ మెమరీ యాక్సెస్) నెట్‌వర్క్ కార్డు కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్ కేంద్ర భాగం) ప్రమేయం లేకుండా నేరుగా మన మెమరీలో రాస్తుంది. అందుకోసం బఫర్‌ను, అంటే డేటా ఉంచే మెమరీ భాగాన్ని, రిజిస్టర్ చేసినప్పుడే దాని భౌతిక చిరునామాలు కార్డుకు అందుతాయి. ఆ తరువాత ఫోర్క్ జరిగితే, అంటే నడుస్తున్న ప్రాసెస్ తన నకలుగా ఒక పిల్లను పుట్టిస్తే, తల్లి, పిల్ల ప్రాసెస్‌లు అవే పేజీలను (మెమరీని విభజించిన ముక్కలను) ఎవరో ఒకరు రాసేదాకా పంచుకుంటాయి. తల్లి ముందుగా రాస్తే దానికి కొత్త పేజీ దక్కుతుంది, కార్డు మాత్రం పాత పేజీలోనే రాస్తూ ఉంటుంది. మా విజయనగరంలో మూడు లాంతర్ల దగ్గరి ఇల్లు ఖాళీ చేసి కంటోన్మెంటుకు మారినవారి ఉత్తరాలు పాత గుమ్మంలోనే పడుతున్నట్టన్నమాట. ఎర్రర్ ఏదీ రాదు. ఇంటి నుంచే పనిచేస్తూ ఈ లోపం కోసం నేను రెండు రాత్రులు వెతికాను. చివరికి లాగ్ ఫైళ్లను కుదించే కోడ్‌లో ఒక ఫోర్క్ బయటపడింది.

ఆర్‌డీఎంఏ ప్రోగ్రాములు వాడే లిబ్‌ఐబీవెర్బ్స్ లైబ్రరీలోని మరే ఫంక్షన్‌నూ పిలవకముందే ఐబీవీ_ఫోర్క్_ఇనిట్‌ను పిలిచి, అది సున్నా ఇచ్చిందో లేదో తప్పక చూడాలి. వేరే లైబ్రరీ అప్పటికే మెమరీ రిజిస్టర్ చేసి ఉంటే ఈ పిలుపు విఫలమవుతుంది. అలాంటి చోట ప్రోగ్రాము మొదలయ్యే ముందే ఆర్‌డీఎంఏవీ_ఫోర్క్_సేఫ్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ పెట్టమని వాడుకరులకు చెప్పడమే మేలు.

ఐబీవీ_ఫోర్క్_ఇనిట్ ఫంక్షన్ 2006లో వచ్చిన 2.6.16 లినక్స్ కెర్నెల్ నాటి డోంట్‌ఫోర్క్ సలహాను (‘ఈ పేజీలను పిల్లకు ఇవ్వకు’ అని కెర్నెల్‌కు చెప్పే సూచనను) వాడుకుని, రిజిస్టర్ చేసిన పేజీలను పిల్లకు అందకుండా చేస్తుంది. అసలు చిక్కు ఇక్కడే ఉంది. సలహా పేజీ మొత్తానికి వర్తిస్తుంది కనుక, 100 బైట్ల బఫర్‌ను మాలాక్‌తో (మెమరీ కేటాయించే సాధారణ ఫంక్షన్‌తో) తీసుకుని రిజిస్టర్ చేస్తే, అదే పేజీలోని ఇతర డేటా కూడా పిల్లకు కనబడకుండా పోయి, దాన్ని తాకగానే పిల్ల సెగ్‌ఫాల్ట్‌తో (తనకు లేని మెమరీని తాకిన లోపంతో) కూలిపోతుంది. కాబట్టి బఫర్‌ను పేజీ హద్దు నుంచి కేటాయించి, పరిమాణాన్ని పేజీ గుణిజానికి, అంటే సాధారణంగా 4,096 బైట్ల గుణిజానికి, పెంచాలి. స్టాక్ మీది, అంటే ఫంక్షన్ లోపలి, చలరాశిని ఎన్నడూ రిజిస్టర్ చేయకూడదు. హ్యూజ్‌పేజీలు, అంటే మామూలు కన్నా చాలా పెద్ద పేజీలు, వాడితే ఆర్‌డీఎంఏవీ_హ్యూజ్‌పేజెస్_సేఫ్ కూడా పెట్టాలి.

కొత్త కెర్నెళ్లు పిన్ చేసిన (కార్డు కోసం కదలకుండా పట్టి ఉంచిన) పేజీలను ఫోర్క్ వేళలోనే పిల్లకు కాపీ చేసి ఇస్తాయి. ఆ సౌకర్యం ఉందో లేదో ఐబీవీ_ఈజ్_ఫోర్క్_ఇనిషియలైజ్డ్ చెబుతుంది. ఏ కెర్నెల్ అయినా, తల్లి తెరిచిన క్యూలను (కార్డుకు పనులు అప్పగించే వరుసలను) పిల్ల వాడకూడదు. దానికి కావలసినవి అదే తెరుచుకోవాలి.

పరీక్షించడానికి, ఫోర్క్ చేసిన పిల్లను నిద్రపుచ్చి, తల్లి చేత బఫర్‌లో ఒక బైటు రాయించి, అవతలి యంత్రం నుంచి తెలిసిన డేటా పంపి సరిపోల్చాలి. ఇనిట్ పిలుపు తీసేసి పాత కెర్నెల్ మీద నడిపినప్పుడు ఈ పరీక్ష తప్పాలి; తప్పకపోతే పరీక్షనే సరిచేసుకోవాలి.