పక్షవాతం రక్త పరీక్షలు – 3వ పాఠం: ఐఎన్ఆర్ చదవడం

రక్తంలో షుగర్ పడిపోయినా పక్షవాతంలా కనిపించవచ్చని, మెదడులో గడ్డో రక్తస్రావమో తేల్చేది స్కానింగే తప్ప రక్త పరీక్ష కాదని రెండో పాఠంలో చూశాం. ఈసారి ఒక్క అంకె గురించే. గుండె లయ తప్పి, అక్కడ పుట్టిన గడ్డ మెదడుకు చేరి చెయ్యీ కాలూ పడిపోయినవాళ్లలో చాలామందికి రక్తం తేలిగ్గా గడ్డకట్టకుండా చూసే వార్ఫరిన్ లాంటి మాత్ర రాస్తారు. కీళ్లవాతంతో గుండె కవాటం సన్నబడినవాళ్లకైతే ఇప్పటికీ ఇదే ముఖ్యమైన మందు. ఆ మాత్ర మోతాదు చూసుకునేది ఐఎన్ఆర్‌తోనే, అంటే రక్తం గడ్డకట్టడానికి మామూలుకన్నా ఎంత ఆలస్యమవుతోందో చెప్పే అంకెతో.

ముందు ల్యాబులో ఏం జరుగుతుందో చూద్దాం. నీలం మూత గొట్టంలో సోడియం సిట్రేట్ ఉంటుంది. రక్తం గడ్డకట్టడానికి కాల్షియం కావాలి. గడ్డకట్టడానికి తోడ్పడే పదార్థాలను ఫ్యాక్టర్లు అంటారు, వాటికి నంబర్లుంటాయి; నాలుగోది అదే. సిట్రేట్ ఆ కాల్షియాన్ని పట్టి ఉంచుతుంది కాబట్టి రక్తం ద్రవంగానే ఉంటుంది. ల్యాబువాళ్లు ప్లాస్మా (రక్తంలోని ద్రవభాగం) వేరుచేసి, గడ్డకట్టడాన్ని మొదలుపెట్టే థ్రాంబోప్లాస్టిన్‌తో పాటు కాల్షియం కలిపి, గడ్డ కట్టడానికి ఎన్ని సెకన్లు పట్టిందో కొలుస్తారు. పీటీ (ప్రోథ్రాంబిన్ టైమ్) అంటే అదే. రక్త రసాయనం మన గోదావరి జిల్లాలకు కొత్తేమీ కాదు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు 1925లోనే ఫిస్కే అనే శాస్త్రవేత్తతో కలిసి రక్తంలో ఫాస్ఫరస్ కొలిచే పద్ధతిని ప్రచురించారు.

గొట్టంలో తొమ్మిది పాళ్ల రక్తానికి ఒక పాలు సిట్రేట్ ఉండాలి. గీత దాకా నిండకపోతే సిట్రేట్ ఎక్కువై, లేని ఆలస్యం కనిపిస్తుంది. లంక గ్రామాల్లో ఇంటికొచ్చి రక్తం తీసేటప్పుడు గొట్టం గీత వరకూ నిండిందా అని మీరే ఒకసారి చూడండి. ఎవరూ ఏమీ అనుకోరు.

ఇక లెక్క. రోగి పీటీని ఆరోగ్యవంతుల సగటు పీటీతో భాగించి, వచ్చినదాన్ని ఐఎస్ఐ అనే ఘాతానికి పెంచితే ఐఎన్ఆర్ వస్తుంది. ఐఎస్ఐ అనేది ల్యాబు వాడే థ్రాంబోప్లాస్టిన్‌ను బట్టి మారే సంఖ్య. అమలాపురంలోని ఒక ల్యాబులో 24 సెకన్లు, సగటు 12, ఐఎస్ఐ 1.2 అనుకోండి. అదే రక్తానికి రాజమండ్రి ల్యాబు 31 సెకన్లు, సగటు 13.5, ఐఎస్ఐ 1.0 అని ఇచ్చింది. సెకన్లు చూస్తే టెన్షన్. లెక్క వేస్తే రెండు చోట్లా 2.3. అందుకే సెకన్లు పోల్చకండి.

నా దృష్టిలో అసలు ప్రమాదం రిపోర్టులో అంకె పక్కన పడే ‘హెచ్’ (హై, అంటే ఎక్కువ) అక్షరంతోనే. నార్మల్ అని అచ్చయ్యే 0.8–1.2 మాత్ర వాడనివాళ్లకు. గుండె లయ తప్పినవాళ్లకు సాధారణంగా 2 నుంచి 3 మధ్య ఉండాలి, కొన్ని కృత్రిమ కవాటాలకు ఇంకాస్త ఎక్కువ. 2.3 పక్కన ‘హెచ్’ చూసి ‘రక్తం మరీ పల్చబడిపోయిందండీ’ అని మాత్ర ఆపేస్తే, కష్టపడి తెచ్చుకున్న రక్షణ పోతుంది.

అదే 2.3 ఇంకోచోట అడ్డంకి. మళ్లీ నోరు వంకర పోయి ఆస్పత్రికి పరుగెత్తితే, గడ్డ కరిగించే ఇంజెక్షన్ నాలుగున్నర గంటల్లోపు ఇవ్వాలి. ఐఎన్ఆర్ 1.7 దాటితే మామూలుగా ఇవ్వరు. మెదడులో రక్తస్రావమైతే విటమిన్ కె, ఫ్యాక్టర్ల మందు ఇచ్చి వార్ఫరిన్ ప్రభావాన్ని తిప్పికొట్టాలి. అందుకే క్యాజువాలిటీలో ముందు చెప్పాల్సింది మాత్ర పేరు.

అంకె ఎందుకు ఊగుతుంది? వార్ఫరిన్ విటమిన్ కె పనికి అడ్డుపడి 2, 7, 9, 10 ఫ్యాక్టర్లను తగ్గిస్తుంది. విటమిన్ కె ఆకుకూరల్లో దండిగా ఉంటుంది. కంద బచ్చలి మానక్కర్లేదు, మునగాకూ మానక్కర్లేదు. ఒక వారం రోజూ తిని, తర్వాత వారం ముట్టకపోవడమే తంటా. విరేచనాలకని ఊళ్లో ఇచ్చే మెట్రోనిడజోల్ ఐఎన్ఆర్‌ను బాగా పెంచుతుంది. నొప్పి మాత్రలతో రక్తస్రావం ముప్పు. మోతాదు మార్చిన మర్నాడే పరీక్ష చేయించినా లాభం లేదు. 7వ ఫ్యాక్టర్ గంటల్లో తగ్గినా, 2వది తగ్గడానికి రోజులు పడుతుంది.

డాబిగాట్రాన్, అపిక్సబాన్ లాంటి కొత్త మాత్రల ప్రభావాన్ని ఐఎన్ఆర్ సరిగా చూపదు. ఆ రోగులు దీన్ని పట్టించుకోనక్కర్లేదు.

అభ్యాసం: గుండె లయ తప్పి వార్ఫరిన్ వాడుతున్న రోగికి పీటీ 18, సగటు 12, ఐఎస్ఐ 1.2. ఫోన్ క్యాలిక్యులేటర్‌తో ఐఎన్ఆర్ కట్టండి. డాక్టరు దగ్గరికెళ్లే ముందు ఇంట్లో అడగాల్సిన మూడు ప్రశ్నలు రాసుకోండి. జవాబు నాలుగో పాఠంలో, ప్లేట్‌లెట్లతో పాటు.