పుచ్చకాయ కోతకు వచ్చిందని గుర్తించడం: నా అనుభవం

ఒకే రోజు కోసిన పుచ్చకాయల్లో కొన్ని తియ్యగా, కొన్ని చప్పగా ఉంటుండటంతో, తట్టి చప్పుడు వినే పద్ధతిని (ఆ విద్య అందరికీ అబ్బేది కాదు) పక్కనపెట్టి, కాయ తొడిమ పుట్టిన కణుపు దగ్గరి నులితీగను గమనించడం మొదలుపెట్టాను. అది పచ్చగా ఉన్నంతకాలం కాయను ముట్టుకోను. మొదలు దాకా ఎండి గోధుమరంగుకు తిరిగాక, కాయను మెల్లగా పొర్లించి, నేలకు ఆనిన చోట ఉన్న మచ్చ తెలుపు పోయి వెన్నలాంటి పసుపుకు వచ్చిందో లేదో చూస్తాను. రెండూ కుదిరితేనే కోస్తాను, ఎందుకంటే కోసిన తరువాత పుచ్చకాయలో తీపి పెరగదు, మాగబెట్టి సరిచేసుకునే వీలు లేదు. ఇంకా అనుమానముంటే ఒక కాయను కోసి, గుజ్జు రసాన్ని తీపిని కొలిచే రిఫ్రాక్టోమీటరు అనే పరికరంపై వేసి, 10 బ్రిక్స్ (రసంలో చక్కెర శాతాన్ని ఇంచుమించుగా చెప్పే కొలత) దాటితేనే మిగిలినవాటి జోలికి వెళతాను. తొక్క దగ్గరి రసం తక్కువ అంకె చూపుతుంది కనుక నడిమి గుజ్జునే తీసుకుంటాను. రోగంతో వాడిన తీగకు నులితీగ ముందే ఎండిపోతుంది. అక్కడ మచ్చనే నమ్ముతాను.