చలికాలంలో పానగల్లు గట్టున సన్న గాలం

డిసెంబరు, జనవరిల్లో నల్లగొండ పక్కన పానగల్లులో ఉన్న ఉదయసముద్రం చెరువుకు నేను తెల్లారకముందు పోను. పది దాటాకే పోతాను. చలికి చేప మందగించి మేత తగ్గిస్తుంది. ఎండకు ఒడ్డు నీళ్లు కాస్త వేడెక్కితేనే జిలేబీ చేపలు (తిలాపియా) కదులుతాయి.

లావు దారం వద్దు. సన్న నైలాన్ దారం, చిన్న గాలం, చిటికెడు సీసం చాలు. నీటిపైన తేలుతూ చేప ముట్టిందని చూపే బెండుకు నేను జొన్న దంటు లోపలి మెత్తని ముక్కే కోసి కడతాను. అది నీటిపైన గోరంతే కనిపించేలా సీసం సరిచూసుకోవాలి. అసలు పని ఇక్కడే ఉంది, ఓపిగ్గా చేయండి. చలికాలంలో చేప బెండును గుంజుకుపోదు. అడుగున ఉన్న ఎరను మెల్లగా ఎత్తుతుంది. సీసం బరువు తగ్గి, నిలబడ్డ బెండు పైకి లేచి పక్కకు ఒరుగుతుంది. అప్పుడే మణికట్టుతో చిన్నగా లాగాలి, ఊపి కొట్టకూడదు.

ఎరకు ఎర్రను, అంటే వానపామును, సగానికి తుంచి గుచ్చండి. నిండుగా గుచ్చితే తోక కొరికేసి పోతాయి.

అక్కడి మత్స్యకారులను అడగకుండా మాత్రం దారం విప్పకండి. వాళ్ల బతుకు ఆ నీళ్లే. వల కట్టిన దిక్కు అసలు వేయొద్దు. అరచేతికన్నా చిన్న చేప పడితే చెయ్యి తడుపుకొని గాలం తీసి వదిలేయండి.